ముసురులో తేనె

మిషన్ల కొట్టు వెనక గది,
ఏప్రిల్ 4.

పొగరాణికి,

వదిన రాస్తున్నాను. ఏడాదికోసారి రెండు ముక్కల కార్డు తప్ప రాయని మనిషి ఇంత లావు కవరు పంపిందేమిటా అని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. నాకొచ్చిన కష్టమల్లా ఈగలతో.

మీ నాన్నగారి తేనెపెట్టె పెరట్లో ఇంకా అలాగే ఉంది. రెండింటిలో ఒకటి ఖాళీ అయిపోయి వసారాలో చేరింది. రెండోది బట్టలుతికే బండకీ నిమ్మచెట్టుకీ మధ్య, నువ్వు చూసినప్పుడు ఎక్కడుందో అక్కడే. ఎండలు మొదలయ్యాయి. నాలుగు రోజుల నుంచీ ఈగలు లోపల ఉండలేక గుమ్మం బయట గుత్తులుగా వేలాడుతున్నాయి. పెట్టెకి గడ్డం మొలిచినట్టుంది. చీమలు కాళ్ల వెంబడి బారులు తీరి పైకి పోతున్నాయి. నీళ్ల తొట్టిలో రోజూ గుప్పెడు ఈగలు పడి చస్తున్నాయి.

నాకు వాటితో ఎంత స్నేహమో నీకు తెలుసు. కాపురానికొచ్చిన కొత్తలో నా జడలో ఈగ దూరితే వీధి చివరి దాకా పరిగెత్తాను. మీ అన్నాచెల్లెళ్లిద్దరూ నవ్వలేక నేలమీద కూలబడ్డారు. మీ నాన్నగారొక్కరే నా వెనక నడుచుకుంటూ వచ్చి, "అమ్మాయ్, అది నీకంటే ఎక్కువ భయపడింది, నిలబడు" అని మెల్లిగా జడ విప్పి తీశారు.

మీ ఆయన్నే అడగొచ్చుగా అంటావు. మీ అన్నయ్యకి ఈమధ్య చేతినిండా పని. పైగా ఆయన సంగతి తెలిసిందేగా, నోరు విప్పరు. మీ నాన్నగారి దగ్గర ఈ పని నేర్చుకున్నది మీరిద్దరే. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఎండాకాలంలో ఈ పెట్టెకి ఏంచెయ్యాలి? నాకర్థమయ్యేట్టు, గౌను కత్తిరించడం నేర్పినట్టు, ఒక్కొక్కటే రాయి.

మా మేనకోడలు ఎంత పొడుగైంది?

మీ వదిన.

*

అచ్చాఫీసు, రెండో అంతస్తు,
ఏప్రిల్ 9.

వదినా,

నీ కవరు మధ్యాహ్నం నా బల్లమీదికి వచ్చింది. ఆరో తరగతి లెక్కల పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను. 'పొగరాణి' అన్న మాట చూశాక ఇక లెక్కలు సాగలేదు. ఆ పేరుతో నన్ను పిలిచి ఎన్నేళ్లయింది! నాన్న ఆ పేరు పెట్టింది ఈగలు కుట్టకుండా పొగ వదిలే డబ్బా పట్టుకునే పని నాది కాబట్టి. "అది పొగరాణి కాదు, పొగరు రాణి" అని దాన్ని చెడగొట్టింది నీ మొగుడు.

నీ ఉత్తరం మడిచాక ఎండిన ఆకులు కాలే వాసన వచ్చింది, నిజంగా. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు, అన్నయ్యకి పద్నాలుగు. పొద్దున పది దాటాక, ఎండ పెట్టె వీపుకి తగిలేవేళ, నాన్న మూత ఎత్తేవాడు. నేను డబ్బా రెండుసార్లు నొక్కి పొగ వదిలేదాన్ని. అన్నయ్య తేనెపట్టు కట్టిన చట్రాలు ఎత్తి పట్టుకునేవాడు. నాన్న మాట్లాడేవాడు కాదు. కళ్లతోనే అన్నీ. ఒక్కోసారి చట్రాన్ని వెలుగుకి పట్టి, పిల్ల ఈగలు పెరిగే గదుల మధ్య నడిచే రాణి ఈగని మాకు చూపించేవాడు. ఆ క్షణాన మేం ముగ్గురం ఊపిరి కూడా బిగబట్టేవాళ్లం. అంత నిశ్శబ్దం మా ఇంట్లో ఇంకెప్పుడూ లేదు.

సరే, నీ పని. పెట్టె కాళ్లు నాలుగూ నాలుగు గిన్నెల్లో పెట్టు, గిన్నెల్లో నీళ్లు పొయ్యి. చీమలు ఈదలేవు. పెట్టె మీద తడిపిన గోనె కప్పు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడకుండా చూడు. వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు పరిచి, రాళ్లు మునగకుండా నీళ్లు పొయ్యి. రాళ్ల మీద నిలబడి తాగుతాయి, తొట్టిలో పడి చావవు. గుమ్మానికి అడ్డంగా చిన్న చెక్క ఉంటుంది, తీసెయ్యి, గాలాడుతుంది. ఇవన్నీ అయ్యాక ఒకసారి మూత తెరిచి చట్రాలు చూడాలి. చట్రాల అంచున వేరుశనగ కాయల్లాంటివి వేలాడుతుంటే కొత్త రాణి తయారవుతున్నట్టు. అప్పుడు సగం గుంపు పాత రాణితో వేరే చోటికి లేచిపోతుంది.

వదినా, ఒక్క సంగతి. అన్నయ్య ఆ పెట్టె మీద మనిషి నీడ కూడా పడనిచ్చేవాడు కాదు. ఇప్పుడు నిన్ను ముట్టుకోనిస్తున్నాడా? ఊళ్లో లేడా? అడిగానని ఆయనతో అనకు.

మేనకోడలు నా భుజం దాటింది. వాళ్ల నాన్నతో సైకిలు తొక్కడానికి పోతోంది.

నీ మరదలు.

*

మిషన్ల కొట్టు వెనక గది,
ఏప్రిల్ 16.

పొగరాణికి,

తెరిచాను! మంగళవారం పదకొండు గంటలకి, ఈ చేతుల్తోనే మూత ఎత్తాను. ఈ వీధిలో ఎవరైనా నన్ను పిరికిదంటే ఇక ఊరుకోను.

దోమతెర ముక్కతో టోపీకి వల కుట్టుకున్నాను. ఆసుపత్రి నర్సుల గౌన్లు కుట్టగా మిగిలిన తెల్లగుడ్డతో పొడుగుచేతుల చొక్కా. అంచులన్నీ రెండుసార్లు కుట్టాను. అద్దంలో చూసుకుంటే ఆపరేషనుకి పోతున్న డాక్టరమ్మలా ఉన్నాను, గుండె మాత్రం రోగిది. పొగ డబ్బా దొరకలేదు. పాత టీ కెటిల్లో ఎండాకులు వేసి అంటించాను. ముక్కులోంచి పొగ బాగానే వచ్చింది.

మొదటి చట్రం ఎత్తేటప్పుడు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఒక్కటీ నా మొహాన పడలేదు. వాటి పనేదో అవి చేసుకుంటున్నాయి. నర్సుల హాస్టల్లో సాయంత్రం పూట ఎలా ఉంటుందో అలా ఉంది లోపల. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, ఎవరికి వాళ్లే హడావిడి. నాకు నవ్వొచ్చింది.

రెండో చట్రాన్ని తలకిందులుగా పట్టుకున్నాను కాబోలు, మీ అన్నయ్య కుర్చీలోంచి ఎడంచేత్తో చెక్కమీద టకటకా కొట్టారు. తిన్నగా తిప్పాక "సరే" అన్నారు. మూడోదాని కిందంచున నువ్వన్న వేరుశనగ కాయలు రెండున్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?

నువ్వడిగినదానికి జవాబు, ఆయన ఊళ్లోనే ఉన్నారు. బాగానే ఉన్నారు.

మీ వదిన.

*

అచ్చాఫీసు, రెండో అంతస్తు,
ఏప్రిల్ 20.

వదినగారికి,

తప్పులు పట్టడమే నా ఉద్యోగం. మీ ఉత్తరంలో మూడు దొరికాయి.

మంగళవారం పదకొండు గంటలకి కొట్లో ఉండాల్సిన మనిషి పెరట్లో కుర్చీలో ఏం చేస్తున్నాడు? కుడిచేతి వాటం మనిషి ఎడంచేత్తో ఎందుకు కొట్టాడు? మీరు చట్రం తలకిందులుగా పట్టుకుంటే ఊరు లేచేట్టు అరవాల్సిన మనిషి "సరే" అని ఊరుకున్నాడా?

అన్నయ్యకి ఏమైంది?

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆ ఇంట్లో అందరిదీ ఒకటే జబ్బు. పదకొండేళ్ల కిందట నేను ఏడో నెలలో మంచంమీద ఉన్నాను. కదిలితే బిడ్డ దక్కదని డాక్టరు చెప్పింది. అక్కడ నాన్న పోతున్నాడు. అన్నయ్య వారానికో ఉత్తరం రాశాడు, "నాన్న కులాసా" అని. బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజున మా ఆయన నా పక్కన కూర్చుని చెప్పారు, నాన్న పోయి మూడు వారాలైందని. నేను మీ ఇంటికి వచ్చేసరికి మంచం కూడా తీసేశారు. ఆ రోజు అన్నయ్యతో ఒక్కటే అన్నాను, "నా తండ్రి చావు నువ్వు దొంగిలించావు" అని. ఆయన తలెత్తలేదు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు మీరు కూడా అదే పని చేస్తున్నారు. మీరు అలా చెయ్యరనుకున్నాను.

తిరుగు టపాలో నిజం రాయండి.

ఇట్లు,
మీ ఆడపడుచు.

*

మిషన్ల కొట్టు వెనక గది,
ఏప్రిల్ 24.

నా తల్లీ,

నన్ను "మీరు" అన్నావు. తిట్టినా ఇంత మంట పుట్టేది కాదు.

నిజం ఇది. ఫిబ్రవరి రెండోవారంలో మీ అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కొట్లో రిపేరుకొచ్చిన కుట్టుమిషను బెల్టు మారుస్తున్న మనిషి స్క్రూడ్రైవర్ జారవిడిచి, దాన్ని తియ్యలేక దానికేసే చూస్తూ ఉండిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. మూడు వారాలు ఆసుపత్రి. ప్రాణానికి భయంలేదు. కాలు కొంచెం వచ్చింది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. మాట మాత్రం ఒకటే మిగిలింది, "సరే". ఆకలైతే సరే, వద్దంటే సరే, నన్ను తిట్టాలన్నా సరే. ముప్ఫై ఏళ్లుగా ఆయన నోట ఆ మాట వినాలని తహతహలాడినదాన్ని, ఇప్పుడు రోజుకి వందసార్లు వింటున్నాను. నవ్వమంటావా ఏడవమంటావా?

నీకు రాస్తానంటే తల అడ్డంగా ఊపారు, రెండుసార్లు అడిగితే రెండుసార్లూ. ఆయన్ని కాదని రాయలేక, రాయకుండా ఉండలేక, ఈగల్ని అడ్డం పెట్టుకుని నీ గుమ్మం తట్టాను. ఫోను చేస్తే నా గొంతు పట్టేస్తావని ఉత్తరం రాశాను. ఎలాగూ పట్టేశావు.

మీ నాన్నగారి సంగతి. పదకొండేళ్లుగా ఈ తేనెతుట్టె కదపలేక ఊరుకున్నాను. నీకు చెప్పొద్దన్నది మీ నాన్నగారే. "పిల్ల కదలకూడదు. బిడ్డ భూమ్మీద పడేదాకా నా మాట ఎత్తొద్దు" అని మా ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నారు. నువ్వు ఆ మాట అన్నరోజు, "నాన్న చెప్పొద్దన్నాడని చెప్పెయ్యండి" అని నేను మీ అన్నయ్యని పోరాను. "దాని కోపం నామీదే ఉండనీ. పోయినాయన మీద కోపం పెట్టుకుని అది ఎట్లా బతుకుతుంది" అన్నారు. అంతే, నా నోరూ కుట్టేశారు.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. మిషను లోపల ఏం పాడైందో వినడానికి ఆయన స్క్రూడ్రైవర్ మొన మిషనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకునేవారు గుర్తుందా? మొన్న కుర్చీ పెట్టె పక్కకి జరిపించుకుని, ఎడంచేత్తో అదే పని చేశారు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. తర్వాత సగం నోటితో నవ్వారు. ఫిబ్రవరి తర్వాత అదే మొదటి నవ్వు.

వేరుశనగ కాయలు ఇప్పుడు నాలుగయ్యాయి. కోపం తీరకపోతే పోనీ, వాటి సంగతి మాత్రం రాయి.

నీ వదిన.

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 28.

వదినా,

"మీరు" అన్నందుకు క్షమించు. ఇక అనను.

ముందు ఈగల సంగతి, ఆలస్యం చేస్తే నీకు నిలవవు. నాలుగు కాయలంటే గుంపు వారంలోపు లేస్తుంది. ఎండ బాగా కాసిన రోజున, పదికీ పన్నెండుకీ మధ్య. లేచినప్పుడు భయపడకు. కడుపునిండా తేనె తాగి బయల్దేరతాయి, కుట్టే ఓపిక వాటికి ఉండదు. దగ్గర్లోనే ఏదో కొమ్మకి ముద్దగా వాలతాయి. వసారాలో ఉన్న ఖాళీ పెట్టె కడిగి ఎండబెట్టి, లోపల పాతమైనం రుద్ది సిద్ధంగా ఉంచు. ముద్ద మీద కాసిని నీళ్లు చిలకరించి, కింద పెట్టె పెట్టి, కొమ్మని ఒక్కసారి గట్టిగా దులుపు. రాణి లోపల పడితే మిగతావి వాటంతటవే నడిచి వెళ్తాయి. పడకపోతే అన్నీ మళ్లీ కొమ్మకే ఎక్కుతాయి. అప్పుడు మళ్లీ దులుపు.

ఇప్పుడు నా సంగతి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

అన్నయ్య ఆనాడు రాసిన ఉత్తరాలు తొమ్మిది నా దగ్గరున్నాయి. ఎనిమిదోది రాత్రికి రాత్రే చింపేద్దామనుకుని చింపలేకపోయాను. అందులో ఇలా ఉంది: "నాన్న కులాసా. వారం రోజులుగా ఇక్కడ ఒకటే వాన, ముసురు తెరిపివ్వలేదు. నిన్న నాన్న పెట్టె తెరిచి తేనె తీశాడు. నీకోసం ఒక సీసా పక్కన పెట్టాడు."

వాన పడుతుంటే పెట్టె మూత ఎత్తకూడదు. ముసురు నెలల్లో తేనె తియ్యకూడదు, అప్పుడు అది వాటి తిండి. ఇది మా ఇద్దరికీ అ ఆల కంటే ముందు నేర్పాడు నాన్న. ఆయన ప్రాణం పోయినా ఆ పని చెయ్యడు.

ఆ వాక్యం చదవగానే నాకు తెలిసిపోయింది వదినా. నాన్న మంచానపడ్డాడని, అన్నయ్య అబద్ధం రాస్తున్నాడని. ఒక్క కార్డు ముక్క రాసి నిజం చెప్పమంటే చెప్పేవాడు. అడగలేదు. అడిగితే వెళ్లాలి. వెళ్తే కడుపులో బిడ్డ. ఉత్తరం నాలుగు మడతలు పెట్టి తలగడ కింద దోపి, నాన్న కులాసాగా ఉన్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత ఎవరినో ఒకరిని అనాలి కాబట్టి అన్నయ్యని అన్నాను.

అందరి తప్పులకీ ఎర్రసిరాతో గీత పెట్టేదాన్ని. నా తప్పు కింద పెట్టుకోవడానికి పదకొండేళ్లు పట్టింది.

ఇది ఆయనకి చదివి వినిపించు. ఆయనకి మాట అర్థమవుతుంది కదా?

నీ మరదలు.

*

మిషన్ల కొట్టు వెనక గది,
మే 3.

పొగరాణికి,

ఆదివారం లేచాయి. సరిగ్గా నువ్వు చెప్పిన వేళకే.

బల్లమీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాను. పెరట్లో చప్పుడు. పది మిషన్లు ఒక్కసారి తొక్కినట్టు. కత్తెర చేతిలో పట్టుకునే బయటికి పరిగెత్తాను. పెరడంతా ఈగలే, ఆకాశం కనపడలేదు. మీ అన్నయ్య కుర్చీలో మధ్యన కూర్చుని ఉన్నారు, తలమీద, భుజాలమీద అవి వాలి లేస్తున్నా చెక్కుచెదరకుండా. నేను వల కూడా వేసుకోలేదు, ఆ సంగతి అంతా అయ్యాక గుర్తొచ్చింది.

నిమ్మచెట్టు నడిమి కొమ్మకి తలగడంత ముద్ద కట్టాయి. స్టూలు ఎక్కాను, నీళ్లు చిలకరించాను, కింద పెట్టె పెట్టి దులిపాను. సగం పెట్టెలో, సగం నామీద! రాణి పడలేదు కాబోలు, అన్నీ మళ్లీ కొమ్మకే ఎక్కాయి. "నావల్ల కాదు" అన్నాను గట్టిగా. వెనకనుంచి "సరే! సరే! సరే!" అని ఒకటే కేక. తిరిగి చూస్తే ఆయన కర్ర కూడా లేకుండా నిలబడి ఉన్నారు, ఎడంచెయ్యి పైకెత్తి కిందకి విసురుతూ. ఇంకా గట్టిగా దులపమని. దులిపాను. ముద్ద మొత్తం మడతపెట్టిన దుప్పటిలా పెట్టెలో పడింది. అరగంటలో మిగతావి గుమ్మం దగ్గర తోక పైకెత్తి రెక్కలాడిస్తూ, బారులు తీరి లోపలికి నడిచాయి. బడి గంట కొట్టినట్టు. నాకు రెండు కాట్లు పడ్డాయి, మోచేతి మీద ఒకటి, చెవి వెనక ఒకటి. ఇప్పటికీ చెవి పూరీలా ఉబ్బి ఉంది. వీధిలో అందరికీ చూపించుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారమే వచ్చింది, కానీ ఈగల హడావిడిలో ఆయనకి వినిపించడం సోమవారానికి పడింది. ఆయన ఎదురుగా కూర్చుని చదివాను. ముసురు మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్లు కుర్చీచెయ్యి మీద బిగుసుకున్నాయి. చివరిదాకా చదివి తలెత్తితే కళ్లనిండా నీళ్లు. నోరు తిప్పలుపడింది. ఎప్పటిలా "సరే" వస్తుందనుకున్నాను.

"వాన" అన్నారు.

మూడు నెలలుగా రాని మాట. నేను వెర్రిదాన్ని, తీగమీద బట్టలు తడుస్తాయేమోనని ఆకాశంకేసి చూశాను. ఎండ మండిపోతోంది. "వాన, వాన" అని గుండెమీద ఎడంచేత్తో కొట్టుకున్నారు. అప్పుడు వెలిగింది.

"ఆ ముక్క కావాలనే రాశారా? దానికి తెలియాలని?" అన్నాను.

తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు.

మీ నాన్నగారికిచ్చిన ఒట్టు తప్పలేదు, నీకు చెప్పకుండానూ ఉండలేదు. నాకు కూడా చెప్పలేదు చూడు. ఇప్పుడు నాకొకటి అర్థమైంది. ఆ ఉత్తరం పోస్టు చేసిన నాలుగోరోజు నుంచీ, మూడు రోజులు వరసగా, మధ్యాహ్నం బస్సు వేళకి గొడుగేసుకుని బస్టాండుకి పోయి నిలబడ్డారు. ఎందుకంటే, మిషను విడిభాగాలు వస్తాయన్నారు. మూడో రోజు తడిసి వచ్చి, "రాలేదు" అన్నారు. ఏం రాలేదో నేను అడగలేదు.

నిన్ను తప్పుపట్టడానికి రాయలేదు ఇదంతా. నువ్వు రాకపోవడం వల్లే నా మేనకోడలు ఇవాళ సైకిలు తొక్కుతోంది. ఆయన కూడా అదే అనుకుని ఉంటారు. కానీ అనుకోవడం వేరు, నీ నోట వినడం వేరు.

నీ వదిన.

*

ఇంటి నుంచి,
మే 7.

అన్నయ్యా,

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. నేనొక్కదాన్నే, పది రోజులుంటాను. ఆ వాక్యం నాకోసమే రాశావని, దానిమీద నువ్వెంత ఆశపెట్టుకున్నావో తెలియక, అది నీ అబద్ధానికి సాక్ష్యమని ఇన్నేళ్లూ దాచుకున్నాను. మిగతాది వచ్చాక మాట్లాడుకుందాం. నాకు చాలా మాటలున్నాయి, నీకు రెండున్నాయి, సరిపోతాయి.

నీ చెల్లి.

*

ఇంటి నుంచి,
మే 31.

వదినా,

క్షేమంగా చేరాను. చేరిన కార్డు వారం కిందట రాయాల్సింది. ఎందుకు రాయలేదో చెప్తాను.

నువ్వు గౌన్లు అప్పగించడానికి ఆసుపత్రికి వెళ్లిన రోజు, నేను వచ్చిన ఎనిమిదో రోజు, నేనూ అన్నయ్యా పెరట్లో ఉన్నాం. అప్పటికి ఆయనకి ఆరు మాటలు వచ్చాయి. నేను అడిగాను, "నాన్న చివరిరోజు చెప్పు" అని. చెప్పలేడని తెలిసీ అడిగాను.  కర్ర అందుకుని లేచాడు.

ముందు వెనక గదిలోకి నడిచి, కిటికీ కింద నాన్న మంచం ఉండే చోటు కర్రతో చూపించాడు. "నాన్న" అన్నాడు. తర్వాత "వాన" అన్నాడు. చెయ్యి గాలిలో ఊపి, పెద్ద ఈదురుగాలి అన్నట్టు చూపించాడు. నాన్న ఆ మంచంమీద నుంచి కిటికీలోంచి పెట్టెకేసి వేలుపెట్టి చూపినట్టు తను చేసి చూపాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. వంగి, గోడవారనున్న పెద్దరాయిని ఎడంచేత్తో ఎత్తబోయాడు. నేను సాయం పట్టబోతే వద్దని తోసేశాడు. ఎట్లాగో ఎత్తి తెచ్చి పెట్టె మూతమీద పెట్టాడు. గాలికి మూత లేచిపోకుండా. మళ్లీ ఒక్కొక్క అడుగే వేస్తూ గదిలోకి వచ్చాడు. మంచం ఉండే చోట నిలబడి, కిందకి చూశాడు. నాకేసి చూసి, ఖాళీ అరచెయ్యి తెరిచాడు.

"లేడు" అన్నాడు.

వదినా, నీకైనా ఇది తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను. నాన్న పోయిన వేళకి నువ్వు వంటింట్లో నీళ్లు కాస్తున్నావని నీ నోటే విన్నాను. మూతమీద రాయి పెట్టి రమ్మని నాన్నే పంపాడు. అన్నయ్య వానలో పరిగెత్తి రాయి పెట్టి వచ్చేసరికి అయిపోయింది. నాన్న పోయేటప్పుడు ఆయన కూడా పక్కన లేడు. నేనొక్కదాన్నే లేనని పదకొండేళ్లు ఆయనమీద కత్తి కట్టాను. ఆయన మాత్రం "నేనూ చూడలేదు" అని ఒక్కమాట నాతో అనలేదు. అంటే నా కోపం తగ్గేదేమో. దాన్ని ఆయన తగ్గించుకోవాలనుకోలేదు.

మేమిద్దరం ఆ గదిలో నేలమీద కూర్చుండిపోయాం. నువ్వొచ్చి, "ఏమైంది, ఈగ కుట్టిందా?" అని అడిగావు, గుర్తుందా? అవునన్నాను. అదే చివరి అబద్ధం.

ఇంటికొచ్చి మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. నాలుగు రోజులు బాగానే దిద్దాను. ఐదోరోజు ఏడో తరగతి పుస్తకంలో 'నాన్న' అన్న చిన్న పాఠం వచ్చింది. అందులో ఒక్క తప్పు లేదు. పేజీ మొత్తం తడిసిపోయింది. లేచి మా సెక్షను పెద్దావిడ దగ్గరికి వెళ్లి సెలవు చీటీ ఇచ్చాను. ఒకరోజు కావాలని, కారణం దగ్గర 'తండ్రి మరణం' అని రాశాను.

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది. నేను ఉద్యోగంలో చేరినప్పటి కాగితాలు ఆవిడ బీరువాలోనే ఉంటాయి. అందులో నాన్న లేడనే ఉంది.

"ఎప్పుడు పోయారమ్మా?" అంది.

"పదకొండేళ్ల కిందటండీ. నాకు ఈమధ్యే చెప్పారు."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. నేను రాసిన 'ఒకరోజు' కొట్టేసి, 'మూడు రోజులు' అని దిద్ది, సంతకం పెట్టింది.

ఇంట్లోనే ఉన్నాను వదినా. మా ఆయన పిల్లకి టిఫిను పెట్టి, టీ కాచి నా పక్కన పెట్టి, పనికి వెళ్తున్నారు. నేను కడుపారా ఏడుస్తున్నాను. నా గురించి బెంగపెట్టుకోకు, బాగానే ఉన్నాను. ఇవాళ రెండోరోజు. ఇంకా రేపు ఉంది.

నీ మరదలు.